అచ్యుతాపురంలో వేసిన రేకుల కప్పే ఫలోదీలోనూ వేయొచ్చా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు గాజువాక ఆటోనగర్‌లో ఉంటూ ఫ్యాక్టరీ షెడ్లు వేస్తారు. రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దాటాక ఫలోదీ దగ్గర ఒక విడిభాగాల ఫ్యాక్టరీకి కప్పు పని వచ్చింది. పొడవు 80 మీటర్లు, వెడల్పు 50 మీటర్లు, మధ్యలో రిడ్జ్ (రెండు వాలులు కలిసే నడినెత్తి), అటూ ఇటూ 25 మీటర్ల వాలు. అచ్యుతాపురంలో వేసినట్టే 0.5 మి.మీ. రంగు రేకు, పైనుంచి స్క్రూలు, కింద బబుల్ షీటు (వేడి ఆపడానికి కట్టే గాలి బుడగల పొర) వేసేస్తే సరిపోదా, ఎలాగూ అక్కడ వానలు లేవు కదా అని అడిగారు.

సరిపోదండి. ట్రస్సులు, పర్లిన్లు (ట్రస్సుల మీద అడ్డంగా వేసి రేకును మోసే కడ్డీలు) మీకు తెలిసిన పద్ధతిలోనే చేసుకోవచ్చు. రేకును పట్టి ఉంచే విధానం, రేకు కింద ఉండే పొర, రంగు: ఈ మూడూ మారాలి. విశాఖలో మన కప్పును తినేది ఉప్పుగాలి, ఎగరగొట్టేది తుపాను. అక్కడ కప్పును పాడుచేసేది రోజూ జరిగే సాగుడూ ముడుచుకోవడమూ. మన షెడ్డు ఒక అక్టోబరు రాత్రి పరీక్షకు నిలబడితే చాలు, అక్కడి షెడ్డుకు ఏడాదికి 365 పరీక్షలు.

ముందు ఈ సాగుడు సంగతి, ఎందుకంటే లీకుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది, మన దేశంలో అదే రికార్డు. అది నీడలో గాలి వేడి. ఎండలో ఉన్న ముదురు రంగు రేకు 75 డిగ్రీలు దాటుతుంది. చలికాలం తెల్లవారుజామున అదే రేకు 5 డిగ్రీలకో ఇంకా కిందికో దిగుతుంది. అంటే తేడా 70 డిగ్రీలు. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు 0.012 మి.మీ. సాగుతుంది. 25 మీటర్ల రేకుకు లెక్క కడితే 25 × 70 × 0.012, అంటే 21 మి.మీ. విశాఖలో తేడా 45 డిగ్రీలు అనుకున్నా 13.5 మి.మీ. దాటదు. అల్యూమినియం రేకు అయితే ఈ అంకెలు దాదాపు రెట్టింపు.

పైనుంచి స్క్రూ కొట్టిన రేకుకు కదలడానికి చోటు ఉండదు. పర్లిన్ కొంచెం ఒరిగి కొన్ని మిల్లీమీటర్లు సర్దుకుంటుంది. మిగిలింది స్క్రూ మెడ మీద పడుతుంది. రెండు మూడు వేసవులు గడిచేసరికి గుండ్రని బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, వాషర్ దాన్ని కప్పలేదు. చూరు వైపు స్క్రూలు ముందు పోతాయి, ఎందుకంటే రేకు కదలిక అక్కడే ఎక్కువ. పైకి ఎక్కి చూస్తే స్క్రూ బిగుతుగానే కనిపిస్తుంది, నీరు మాత్రం దిగుతుంది. ఫిట్టరు వచ్చి ఇంకా బిగిస్తాడు, వాషర్ చిట్లిపోతుంది. సిలికాన్ పూస్తారు, మరుసటి మేలో అదీ ఊడిపోతుంది.

అందుకని 25 మీటర్ల వాలుకు స్టాండింగ్ సీమ్ రేకు (పక్కపక్క రేకుల అంచులు పైకి లేపి, కలిపి మడిచే రకం; ఆ మడతే సీమ్), జారే క్లిప్పులు తీసుకోండి. రేకుకు ఎక్కడా బెజ్జం పడదు. క్లిప్పు అడుగు పర్లిన్‌కు బిగుస్తుంది, దాని నాలుక సీమ్‌లో చిక్కుకుని రేకుతోపాటు జారుతుంది. అంత పొడవు రేకు లారీలో రాదు కాబట్టి కాయిల్ (రేకు చుట్ట), దాన్ని ఆకారానికి మలిచే రోల్ ఫార్మింగ్ మిషన్ సైటుకే తెప్పించాలి. గమనించాల్సినవి ఇవి:

స్థిర బిందువు ఒకటే ఉండాలి. రిడ్జ్ దగ్గర గట్టిగా బిగించండి, కదలికంతా చూరు వైపు పోనివ్వండి. రిడ్జ్ దగ్గర బిగించి, మళ్లీ చూరు దగ్గర గట్టర్ ఫ్లాషింగ్‌ను (సందు మూసే రేకు పట్టీని) రేకుకు రివెట్ కొట్టేస్తే క్లిప్పులకు పెట్టిన డబ్బు దండగ. నేను చూసిన చెడిపోయిన స్టాండింగ్ సీమ్ కప్పుల్లో తరచూ కనిపించే తప్పు ఇదే. రేకు గట్టర్‌లోకి కనీసం 60 మి.మీ. చొచ్చి ఉండాలి, గట్టర్‌ను తాకకూడదు.

క్లిప్పు ఎంత జారుతుందో చూడండి. మొత్తం 40 మి.మీ. జారే క్లిప్పు అడగండి, బిగించేటప్పుడు నాలుకను సరిగ్గా నడిమిలో పెట్టండి. పొద్దున్న 25 డిగ్రీల రేకు వేశారనుకోండి, అది 75కు పోతే 15 మి.మీ. సాగుతుంది, 5కు దిగితే 6 మి.మీ. ముడుచుకుంటుంది. నాలుక ఒక చివరకు చేరి ఉంటే మొదటి వేసవిలోనే క్లిప్పు వంగుతుంది.

యజమాని స్క్రూ రేకే కావాలని పట్టుబడితే 25 మీటర్లను 12.5 చొప్పున రెండు ముక్కలు చేసి, మధ్యలో పర్లిన్ ఎత్తు మార్చి ఒక మెట్టు పెట్టండి. మామూలు అతుకు పనికిరాదు. అతుకు దగ్గర రెండు రేకుల్నీ కలిపి స్క్రూ కొడితే అవి మళ్లీ ఒకే పొడవు రేకులా కదులుతాయి.

రంగు గురించి యజమానులు అందం చూసి నిర్ణయిస్తారు. ఇక్కడ అది లెక్కలో భాగం. ముదురు నీలం రేకు 75 దాటే చోట తెల్ల రేకు 60 లోపే ఉంటుంది, కాబట్టి సాగుడు కూడా ఆ మేరకు తగ్గుతుంది. రంగు వేయని అల్యూజింక్ (అల్యూమినియం, జింకు కలిపిన పూత) రేకు మెరుస్తుంది కాబట్టి చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది ఎండను తిప్పికొట్టే మాట నిజమే, కానీ పట్టిన వేడిని ఆకాశానికి వదిలిపెట్టే గుణం దానికి చాలా తక్కువ. తెల్ల రంగు రెండు పనులూ చేస్తుంది. రంగులో మామూలు పాలియెస్టర్ వద్దు. అక్కడి ఎండకు అది సుద్దలా రాలుతుంది, చేత్తో తుడిస్తే అరచేతికి తెల్లగా అంటుకుంటుంది. పీవీడీఎఫ్ (ఎండను తట్టుకునే రెసిన్) పూత అడగండి, 70 శాతం రెసిన్ అని పరీక్ష పత్రంలో రాసి ఉండాలి.

ఇప్పుడు బబుల్ షీటు. విశాఖలో దీన్ని రేకుకు ఆనించి లాగి కట్టేయడం అలవాటైపోయింది. అందులో గాలి బుడగలు 4 నుంచి 8 మి.మీ. మందం. ఆ మందం వేడిని ఆపేది చాలా తక్కువ. దాని బలమంతా కిందివైపు ఉన్న పలుచని అల్యూమినియం ఫాయిల్‌లో ఉంది, ఎదురుగా ఖాళీ గాలి ఉన్నప్పుడే ఆ బలం పనిచేస్తుంది. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతాను. కప్పు అడుగు 70 డిగ్రీలు, నేల, మిషన్లు 40 డిగ్రీలు ఉన్నాయనుకోండి. రంగు వేసిన రేకు అడుగు నుంచి కిందికి చదరపు మీటరుకు సుమారు 215 వాట్లు కిరణాల రూపంలో దిగుతాయి. అదే వేడిలో మెరిసే అల్యూమినియం ముఖం ఉంటే 12 వాట్లు. మీ 4000 చదరపు మీటర్లకు మొదటిది 860 కిలోవాట్లు, రెండోది 50 లోపు. షెడ్డులో గాలి 42 ఉన్నా కార్మికుడికి నడినెత్తి మాడినట్టు ఉండడానికి కారణం ఈ కిరణాలే. ఫ్యాన్ ఎంత తిప్పినా ఇవి తగ్గవు.

అది కాగితం మీది లెక్క. సైటులో ఆ మెరుపు నిలవదు. పైకి చూసే ముఖం మీద దుమ్ము పేరుకుంటే నెలల్లోనే మామూలు రేకులా మారుతుంది, కాబట్టి మెరిసే ముఖం ఎప్పుడూ కిందికే ఉండాలి. గ్రైండింగ్, నూనె ఆవిరి ఉన్న చోట కింది ముఖం కూడా మసకబారుతుంది. అందుకే ఎడారి షెడ్డులో మెరుపును ఒక్కదాన్నే నమ్ముకోకండి, మందం కూడా కావాలి. నా సలహా: 100 మి.మీ. గ్లాస్‌వూల్ (గాజునార పరుపు), ఘనపు మీటరుకు 24 కిలోల సాంద్రత, కిందివైపు అల్యూమినియం ఫాయిల్, దాని కింద 0.4 మి.మీ. లోపలి రేకు. ఫర్నేసు, వెల్డింగ్ షాపు మీద గ్లాస్‌వూల్ బదులు రాక్‌వూల్ (రాతినార పరుపు).

గ్లాస్‌వూల్ వేసేటప్పుడు జరిగే నష్టం ఒకటుంది. పర్లిన్ మీద పరిచి, దాని మీదనే రేకు బిగిస్తే ఆ గీత పొడవునా 100 మి.మీ. కాస్తా 10కి నలిగిపోతుంది. ప్రతి 1.5 మీటర్లకు ఒక వేడి గీత. క్లిప్పు కింద గట్టి ఫోమ్ దిమ్మ లేదా ఎత్తైన స్పేసర్ పెట్టి, పరుపు మందం చెడకుండా చూసుకోండి.

రాత్రి సంగతి చాలామంది మరిచిపోతారు. ఎడారి ఆకాశంలో తేమ, మబ్బు తక్కువ కాబట్టి రాత్రిపూట రేకు తన వేడిని నేరుగా ఆకాశానికి ఒలకబోసి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. జనవరిలో షట్టర్లు మూసి, లోపల భాగాలు కడిగే వేడినీళ్ల ట్యాంకు నడుస్తోందనుకోండి. లోపల 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే 12 డిగ్రీల దగ్గర తేమ నీటిబొట్లుగా పట్టడం మొదలవుతుంది. రేకు 3 డిగ్రీల్లో ఉంటుంది. తెల్లారేసరికి మిషన్ల మీద చుక్కలు పడతాయి, వాన లేని ఊళ్లో కప్పు కారుతోందని ఫోను వస్తుంది. దీనికి మందు ఫాయిల్ అతుకులన్నీ టేపుతో మూసేయడం. లోపలి తేమ గ్లాస్‌వూల్‌లోకి చేరకూడదు. ఒకసారి తడిసిన పరుపు కిందికి జారి, వేడిని ఆపే గుణం పోగొట్టుకుంటుంది. ఫాయిల్‌కు చిరుగు పడితే అదే రోజు అతికించండి, లోపలి రేకు మూసేశాక ఇక చేయి పోదు.

అక్కడ మనకంటే ఒక లాభం ఉంది, దాన్ని వాడుకోమని యజమానికి చెప్పండి. తడి ప్యాడ్ల కూలర్ విశాఖలో దండగ. మన దగ్గర 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజు అది గాలిని 31కి మించి దించలేదు, పైగా ఉక్క పెంచుతుంది. అక్కడ 42 డిగ్రీలు, 15 శాతం తేమలో అదే కూలర్ 25 దగ్గరి గాలి ఇస్తుంది. కాబట్టి పగలు షట్టర్లు మూసి కూలర్ గాలి లోపలికి తోయడం, రాత్రి రిడ్జ్ వెంట్లు తెరిచి షెడ్డును చల్లార్చుకోవడం పద్ధతి. మధ్యాహ్నం బయటి గాలి 45 ఉన్నప్పుడు వెంట్లు తెరిచి పెడితే లోపలికి వడగాలినే పిలిచినట్టు. గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్లు ఆ ఇసుకకు బేరింగులు పట్టేసి త్వరగా ఆగిపోతాయి. మూసి తెరిచే రిడ్జ్ వెంటు, లోపల జాలీ ఉన్నది పెట్టండి.

రేకు కొనేటప్పుడు మందం ఏ లెక్కలో చెబుతున్నారో అడగండి. 0.50 అని కొటేషన్‌లో ఉంటే అది రంగు, పూత కలిపిన మందం కావచ్చు. అందులో అల్యూజింక్ పూత సుమారు 0.04, రంగు మరో 0.03 నుంచి 0.04 పోతే అసలు ఉక్కు 0.42. అసలు ఉక్కు మందం 0.50 అని ఆర్డరులో రాయించండి. పూత ఏజెడ్ 150 కంటే తగ్గకూడదు, అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాములు. ఎడారిలో తుప్పు రాదులే అని ఇక్కడ తగ్గించబోయేరు. ఫలోదీ చుట్టుపక్కల ఉప్పు మడులున్నాయి. ఆ ఉప్పు దుమ్ము రేకు మీద కూర్చుని, రాత్రి మంచుకు తడిస్తే మన సముద్రపు గాలి చేసే పనే చేస్తుంది. సైటు మడులకు దగ్గరైతే ఏజెడ్ 200 తీసుకోండి. క్లిప్పు స్క్రూలు, ఫ్లాషింగ్ స్క్రూలు కూడా విశాఖకు మీరు వాడే స్థాయి పూత ఉన్నవే పట్టుకెళ్లండి.

గాలి విషయంలో మీరు ఇక్కడ మోసే భారం ఎక్కువ. గాలి భారాల భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం లెక్కకు తీసుకునే గాలి వేగం విశాఖకు సెకనుకు 50 మీటర్లు, జోధ్‌పూర్‌కు 47. తీరానికి 60 కిలోమీటర్ల లోపు పరిశ్రమల కట్టడాలకు 2015 నుంచి 1.15 తుపాను గుణకం కూడా వేస్తున్నాం. ఎత్తు, నేల గుణకాలు పక్కన పెడితే మనకు చదరపు మీటరుకు సుమారు 1980 న్యూటన్లు, వాళ్లకు 1325. అంటే మూడో వంతు తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లం కాబట్టి ఇది తేలిగ్గా అనిపిస్తుంది. కానీ అక్కడ మే, జూన్‌లో వచ్చే ఇసుక తుపాను చాలా తక్కువ ముందస్తు హెచ్చరికతో వస్తుంది. అప్పటికి షట్టరు తెరిచి ఉంటుంది. గోడల్లో తెరిచిన భాగం 5 శాతం దాటితే లోపలి ఒత్తిడి గుణకం 0.2 నుంచి 0.5కు పోతుంది, 20 శాతం దాటితే 0.7. కింద నుంచి తోపు, పైనుంచి లాగుడు రెండూ కలుస్తాయి. మూలల్లో, చూరు, రిడ్జ్, గేబుల్ అంచుల్లో లాగుడు ఇంకా ఎక్కువ. నడుమ పర్లిన్లు 1.5 మీటర్లకు ఉంటే ఈ అంచుల్లో 1 మీటరు చేయండి. స్టాండింగ్ సీమ్‌ను పట్టేది క్లిప్పులు మాత్రమే కాబట్టి, క్లిప్పు ఎంత లాగుడుకు ఊడుతుందో తయారీదారు పరీక్ష నివేదిక తీసుకోకుండా ఆర్డరు ఇవ్వకండి.

ఇక వానలు లేవనే మాట. ఏడాది మొత్తం మీద తక్కువే, వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారిగా వస్తుంది. 2006 ఆగస్టులో అదే ఎడారిలోని బాడ్‌మేర్ జిల్లా వరదల్లో మునిగింది. గట్టర్‌ను గంటకు 150 మి.మీ. వానకు లెక్క కట్టండి. ఒక్కో వాలు 2000 చదరపు మీటర్లు కాబట్టి సెకనుకు 83 లీటర్లు. 150 మి.మీ. పైపులు పది పెడితే ఒక్కోదానికి 8 లీటర్ల పైన, గట్టర్‌లో 55 మి.మీ. లోతు నీరు నిలిస్తే అవి లాగుతాయి. అయితే తొమ్మిది నెలలుగా పేరుకున్న ఇసుక మొదటి వానకు బురదై పైపు మూతికి అడ్డం పడుతుంది. అందుకని గట్టర్ చివర్లలో, నీరు లోపలికి పొంగే ఎత్తు కంటే కిందుగా, బయటికి పొర్లే గండ్లు కోయించండి. జూన్ మొదట్లో గట్టర్ తోడడం నిర్వహణ పత్రంలో రాయండి. గోడకు లోపలి వైపు గట్టర్ ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

రిడ్జ్ కింద, చూరు దగ్గర రేకు మెలికల్లో ఫోమ్ ఫిల్లర్లు తప్పనిసరి. విశాఖలో ఇవి లేకుండా గడిచిపోతుంది, అక్కడ ఇసుక ఆ సందుల్లోంచే లోపలికి వస్తుంది. కప్పు మీది దుమ్ము ఏడాదికి రెండుసార్లు మెత్తని బ్రష్‌తో కడిగించాలి, లేకపోతే తెల్ల రంగుకు పెట్టిన డబ్బు గోధుమరంగు పొర కింద కప్పబడిపోతుంది. కడగడానికి నీళ్లు, పైకి ఎక్కడానికి నిచ్చెన, నడవడానికి సీమ్‌కు క్లాంపులతో పట్టిన నడకదారి ఇప్పుడే డ్రాయింగులో చేర్చండి.

వెలుతురు రేకులు మన దగ్గర వేసేంత వేయకండి. కప్పులో 2, 3 శాతం చాలు, అదీ ఉత్తరపు వాలు మీద. ఎఫ్‌ఆర్‌పీ (గాజునార కలిపిన ప్లాస్టిక్) రేకు ఆ ఎండకు పసుపెక్కి నార తేలుతుంది. యూవీ పొర ఉన్న పాలీకార్బొనేట్ వాడండి, ఆ పొర ఉన్న ముఖం పైకి ఉందో లేదో ప్రతి రేకుకూ చూడండి. అది ఉక్కుకు అయిదు రెట్లకు పైగా సాగుతుంది. 3 మీటర్ల ముక్క 60 డిగ్రీల తేడాకు దాదాపు 12 మి.మీ. కదులుతుంది, కాబట్టి బెజ్జాలు పెద్దవి వేసి, వెడల్పు వాషర్లు వాడాలి. ప్రతి వెలుతురు రేకు కింద వెల్డెడ్ మెష్ వేయండి. దుమ్ము పట్టాక అది రేకులాగే కనిపిస్తుంది, కాలు వేసినవాడు కింద పడతాడు. మనుషులు చనిపోయేది ఇలాగే. ఈ ఖర్చు దగ్గర బేరం ఆడకండి.

పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపినవి) వేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. తప్పేమీ లేదు, 80 మి.మీ. పీఐఆర్ ఫోమ్ ప్యానెల్ వేడిని బాగా ఆపుతుంది, పని త్వరగా అవుతుంది. అయితే పై రేకు 70లో, కింది రేకు 30లో ఉన్నప్పుడు ప్యానెల్ వంగాలని చూస్తుంది, స్క్రూలు వంగనివ్వవు, పర్లిన్ల దగ్గర పై రేకు ముడతలు పడుతుంది. లేత రంగు, 12 మీటర్ల లోపు పొడవు అయితే ఇబ్బంది తక్కువ. వెల్డింగ్, ఫర్నేసు ఉన్న చోట మాత్రం పఫ్ వద్దు, రాక్‌వూల్ ప్యానెల్ తీసుకోండి.

పని చేసే తీరులో రెండు మూడు మార్పులు. రేకు మీది ప్లాస్టిక్ పొర వేసిన రోజే లాగేయండి, ఆ ఎండకు వారంలో అది రంగుకు కాలి అతుక్కుంటుంది. గ్రైండర్‌తో రేకు కోయకండి, నిప్పురవ్వలు పూతను కాలుస్తాయి. నిబ్లరు (రేకును కొరికినట్టు కోసే పనిముట్టు) వాడండి. డ్రిల్లు పొట్టును సాయంత్రానికి ఊడ్పించండి. సీమ్ క్రింపింగ్ మిషన్‌ను ప్రతి ఉదయం ఒక తుండు ముక్క మీద సరిచూశాకే పైకి ఎక్కించండి. కుర్రాళ్లను తెల్లవారి 5 నుంచి 10.30 వరకే కప్పు మీద ఉంచండి, మళ్లీ సాయంత్రం. మధ్యాహ్నం ఆ రేకు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. ఉక్కపోత లేదు కాబట్టి చెమట ఆరిపోతుంది, ఒంట్లో నీరు పోతున్నట్టు మనవాళ్లకు తెలియదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పైనే ఉండాలి.

షట్టర్ల కొలతలు, లోపల కడిగే ట్యాంకులు, ఫర్నేసు ఏ బే (రెండు ట్రస్సుల మధ్య గది) కింద వస్తాయో చెప్పండి. అంచుల్లో క్లిప్పుల దూరం, రాక్‌వూల్ ఎక్కడివరకు అన్నది అవన్నీ చూశాకే చెప్పగలను.